మన పల్లె యిండ్లు, దుకాణములు

పాలంపేటలోని రామప్ప దేవాలయమును చూడని విద్యార్థి మన ప్రాంతమున అరుదు. 1213 వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని 2021 లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఆ గుడికి పోవు త్రోవలో మనము దాటిపోవు మట్టియిండ్లను ఎవరును గుర్తింపరు. అవియును మన పూర్వుల శిల్పమే.

గంగారము చుట్టునున్న కోయ గూడెములలో గుంజలు పాతి, వెదురు బద్దలతో తడికె యల్లి, దానికి మట్టి మెత్తి, పేడతో అలికెదరు. కప్పు అడవిగడ్డిది. చూరు మిక్కిలి క్రిందికి దిగియుండుటచే లోనికి పోవువాడు తల వంచవలెను. ఆ చూరే వానజల్లు గోడకు తగులకుండ కాపాడును. మట్టిగోడకు నీటి భయమే భయము. ఈ యొక్క సంగతి గ్రహించినచో పల్లెయింటి నిర్మాణమంతయు బోధపడును.

మైదానపు గ్రామములలో మన్నును నానబెట్టి, వరిగడ్డి కలిపి, కాళ్లతో త్రొక్కి, మూరెడెత్తున నొక వరుస పెట్టి, అది ఆరిన పిదపనే రెండవ వరుస పెట్టుదురు. తొందరపడినచో క్రింది వరుస బరువునకు జారును. గోడ అడుగున వెడల్పుగను, పైన సన్నముగను ఉండును. దానిపై దూలములు, వాసములు, గూనపెంకులు. పెంకు చేయు విధము చూడదగినది. కుమ్మరి సారెమీద అడుగులేని గొట్టము వలె మట్టిని లేపి, పచ్చిగా నున్నప్పుడే నిలువున రెండుగా కోసి, ఆరబెట్టి, వాములో కాల్చును. ఒక వరుస వెల్లకిలను, దానిపై నొక వరుస బోర్లను పరచినచో నీరు కాలువలో వలె పారిపోవును. 1865 లో బాసెల్ మిషను వారు మంగుళూరులో పెంకుల కర్మాగారమును స్థాపించిరి. అచ్చున తీసిన ఆ బల్లపరుపు పెంకు క్రమముగా దక్షిణదేశమున వ్యాపించి, కుమ్మరి పెంకునకు పోటీ యయ్యెను. (మంగుళూరు పెంకును మనవారు బెంగుళూరు పెంకు అనుట ఒక వింత.)

పల్లెలో దుకాణము వేరు కట్టడము కాదు. వర్తకుని యింటి ముందుగదియే దుకాణము. వీథివైపున తలుపునకు బదులు నిలువు పలకలుండును. వానిని రాత్రి గాడిలో నొకటి తరువాత నొకటి దూర్చి, ఉదయమున తీసి ప్రక్కన పెట్టెదరు. ఏ పలక యెచ్చటిదో మరువకుండ అంకెలు వేసికొందురు. దూరమున నున్న ఐర్లండు పల్లెలలోను ఇట్లే కుటుంబము దుకాణపు వెనుకనో పైననో నివసించుట, ముందు బల్లమీద యజమాని పేరు వ్రాయించుట వాడుక. అచ్చట చట్టము ననుసరించి స్థానిక సంస్థలు విలువగల కట్టడములను పట్టికల కెక్కించి కాపాడుచున్నవి.

మన దుకాణపు అరుగును గూర్చి ఒక నిజము దాచరాదు. బాటసారి విశ్రమించుటకు అరుగు వేసిరని పెద్దలు చెప్పుదురు. కాని అందరును దానిపై కూర్చుండలేకపోయిరి. కొందరు వీథిలోనే నిలిచి, దూరమునుండి డబ్బుపెట్టి, సరుకు పుచ్చుకొనవలసివచ్చెను. 1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15 వ అధికరణము దుకాణములలో ప్రవేశమునకు కులము అడ్డుగా నుండరాదని శాసించినది. ప్రాత యిల్లు మంచిదని పొగడునప్పుడు ఎవరికి మంచిదో కూడ అడుగవలెను.

ఇప్పుడీ యిండ్లు త్వరత్వరగా పోవుచున్నవి. చెదలు, కారుట, ఏటేట పెంకు సవరించు కూలి, అన్నిటికిని మించి కోతులు. కోతుల గుంపొకటి కప్పుపై గంతులు వేసినచో ఆ సంవత్సరపు పనియంతయు వ్యర్థము. రేకులు వేసికొనువారిని నేను నిందింపజాలను. అయినను వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకుల క్రింద కూర్చున్నవానికి దళసరి మట్టిగోడ వేడిని ఎంత మెల్లగా లోనికి రానిచ్చునో జ్ఞాపకము వచ్చును.

కూల్చకముందు మన విద్యార్థులు చేయగల పని యొకటి కలదు. గోడ మందము, చూరు ఎత్తు, అరుగు పొడవు టేపుతో కొలిచి పటము గీయవలెను. దూలము ఏ చెట్టుదో, పెంకులు ఏ యూరి కుమ్మరి చేసెనో తాతగారి నడిగి ప్రక్కన వ్రాయవలెను. ప్రాత టేకు దర్వాజలను, స్తంభములను పట్టణపు వర్తకులు కొని బండ్లకెక్కించుచున్నారు గనుక ముందుగా వానినే కొలువుడు.