పాత లాప్‌టాప్‌ను ఉంచుటా, మార్చుటా?

షోలాపూరు, భివండి మొదలుకొని ఇల్కల్, దొడ్డబళ్ళాపురముల వరకు మన నేత ఇండ్లలో మగ్గముతోపాటు లాప్‌టాప్ కూడా ఒక పనిముట్టుగా చేరిపోయినది. జకార్డు డిజైను గీచుట, నూలు బాకీల ఖాతా, జి.ఎస్.టి. రిటర్నులు, బేరగాండ్రకు ఫోటోలు పంపుట, ఇవన్నీ దాని మీదనే నడుస్తున్నవి. ఎనిమిది పదేండ్ల క్రిందట కొన్నవి ఇంకను పలు ఇండ్లలో ఉన్నవి. ఇప్పుడవి మొరాయిస్తున్నవి. కొత్తది కొందామని పిల్లలు, ఇది నడుస్తున్నది గదా అని పెద్దలు. ఈ వాదము తెగుటకు ఏమేమి చూడవలెనో మన సభ్యులకు కొంత వివరముగా చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

గుడ్డ చెడిపోతున్నదని మన పెద్దలెవ్వరును మగ్గమును అమ్మివేయలేదు. పోగు తెగుతూ ఉంటే నాడె గరుకెక్కినదా, పన్నె పండ్లు వంగినవా, అచ్చు అరిగినదా అని ఒక్కొక్కటే చూచేవారు. పన్నె చెడితే పన్నెను మార్చేవారు. చట్రమే వంగి, కొయ్య పుచ్చినప్పుడే కొత్త మగ్గపు మాట వచ్చేది. లాప్‌టాప్‌కు కూడా ఈ వరుసే పనికివస్తుంది. పైగా ఈ యంత్రము మనకు పరాయిది కాదు. 1804లో ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మారీ జకార్డు అట్టలకు చిల్లులు పొడిచి పడుగు పోగులను లేపించిన ఉపాయమునే, తరువాత ఇంగ్లండులో బ్యాబేజ్ తన గణనయంత్రపు ఆలోచనలోకి తీసుకొన్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ వాడినవి కూడా చిల్లుల అట్టలే. కావున నేతగాని బిడ్డ దీని మూత విప్పి చూచుటకు జంకవలసిన పని లేదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది నకలు తీయుట. 2019లో నాకు జరిగినది చెప్పుతాను. లాప్‌టాప్ మందగించినదని ఊళ్ళో ఒక దుకాణములో ఇచ్చినాను. మూడవనాడు వెళ్ళేసరికి అది చురుకుగానే ఉన్నది. అయితే దుకాణదారు డిస్కునంతా తుడిచి విండోస్‌ను మరల వేసినాడు. అతడు నన్ను అడుగలేదు, నేనూ ముందుగా చెప్పలేదు. రెండేండ్లుగా గీచిన అంచు డిజైన్లు అరవైకి పైగా పోయినవి. పెట్టెలలోని పాత టవల్లను తీసి, పిక్ గ్లాసు పెట్టి పోగు పోగు లెక్కించి, మరల గీచుకొనుటకు మా ఇంటిల్లిపాదికిని ఒక చలికాలమంతా పట్టినది. పదకొండు డిజైన్లకు నమూనా గుడ్డ కూడా దొరకలేదు. అవి పోయినట్లే.

లాప్‌టాప్ వెల దుకాణములో తెలుస్తుంది. అందులోని డిజైన్ల వెల పోయిన తరువాతగాని తెలియదు. అందుచేత యంత్రము బాగుగా ఉన్నను, చెడుతున్నను, ఈ వారములోనే ఒక బయటి డిస్కు కొని అన్నిటికీ నకలు తీయండి. డిజైను ఫైలును డిజైన్ ప్రోగ్రాము తన పద్ధతిలో దాచుకొన్నది చాలదు. దానితోపాటు బి.ఎం.పి. బొమ్మగా కూడా దాచండి. ప్రోగ్రాము మారినను బి.ఎం.పి.ని ఏదైనా తెరువగలదు. ఫైలు పేరులోనే కొక్కెముల సంఖ్య, పేకల సంఖ్య వ్రాసిపెట్టండి. రెండవ నకలును వేరొక ఇంట ఉంచండి. నూలు, పీచు నిండిన షెడ్డులో అగ్నిభయము ఎప్పుడూ ఉండేదే.

ఇక జబ్బు ఎక్కడ ఉన్నదో చూద్దాము. మన షెడ్లలో మొదటి దోషి పీచు. టవల్లు నేసేచోట గాలిలో తేలే పీచు లాప్‌టాప్ ఫ్యాను వెనుక ఉన్న సన్నని రేకుల మధ్య పట్టు కట్టి, వేడి బయటకు పోనీయదు. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొంటుంది. మనము దానిని ముసలితనమనుకొంటాము. ఫ్యాను హోరుమంటూ, అడుగు చేతికి కాలుతూ ఉంటే, విప్పించి శుభ్రము చేయించి, ప్రాసెసరు మీది ఎండిన పేస్టును మార్పించండి. దీనికి అయ్యేది స్వల్పమే. కొత్తది కొనవలెనని వచ్చిన వారిని ఈ ఒక్క పనితో వెనుకకు పంపిన సందర్భములు నాకు తెలుసు.

రెండవది డిస్కు. పాత వాటిలో ఉండేది తిరిగే పళ్ళెముల హార్డ్ డిస్కు. సాధారణముగా నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుతుంది. సాంచాల అదురు దానికి పడదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ అను పట్టిక వస్తుంది. పనిచేసేటప్పుడు అందులో డిస్క్ అన్నచోట 100 శాతము నిలిచిపోతూ, మిగిలినవి తక్కువగా ఉంటే, డిస్కే అడ్డము. దాని స్థానములో కదిలే భాగము లేని ఎస్.ఎస్.డి. వేయిస్తే యంత్రము మరల పుట్టినట్లుంటుంది. మెమరీ అన్నచోట 85, 90 శాతము దాటి ఉంటే మెమరీ చాలదని అర్థము. 4 జి.బి.తో పెద్ద డిజైను, ఇంటర్నెట్ రెండూ కలిసి నడువవు, 8కి పెంచండి. అయితే కొన్ని పలుచని మోడళ్ళలో మెమరీని బోర్డుకే అతికి ఉంచుతారు, పెంచుటకు వీలు లేదు. ఇంకొక మాట. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు ప్రపంచమంతటా ఎగసినవి. పాత ధరను మనసులో పెట్టుకొనక, అడిగి తెలుసుకొన్న తరువాతనే లెక్క వేయండి. సి.పి.యు. అన్న అంకెయే, వేడి లేకపోయినను, చిన్న పనికే 100 వద్ద నిలిచితే, చట్రము వంగినట్లే. దానికి మరమ్మతు లేదు.

బ్యాటరీ విషయము వేరు. ఎల్లప్పుడు తీగ తగిలించి వాడేవారికి బ్యాటరీ అరగంటే నిలిచినను నష్టము లేదు, కరెంటు పోయినప్పుడు ఫైలు దాచుకొనుటకు అది చాలు. కాని టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా బ్యాటరీ ఉబ్బినదని అర్థము. అటువంటిదానిని ఒక్క దినము కూడా ఛార్జి చేయరాదు, పొడిచి చూడరాదు. వెంటనే తీయించండి.

ఇంతవరకు చెప్పినది యంత్రపు శరీరము. యంత్రము దృఢముగానే ఉండి కూడా మార్చవలసి వచ్చే సందర్భమొకటి ఇప్పుడు మన ముందున్నది. 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14న మద్దతు ముగించినది. ఇంటి వాడకమువారు నమోదు చేసుకొంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇస్తామని ప్రకటించినది. సవరణలు ఆగిన యంత్రము ఆ మరునాడే నిలిచిపోదు, యథాప్రకారము నడుస్తుంది. తలుపుకు తాళము పాడైన ఇల్లు వంటిది అది. దొంగ వచ్చేవరకు తేడా తెలియదు. విండోస్ 11 వేసుకొందామంటే, దానికి టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటును, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరము లేక ఆపైని ప్రాసెసరును ఉండవలెను. మీ యంత్రము తగునో కాదో మైక్రోసాఫ్ట్ వారి పి.సి. హెల్త్ చెక్ అను ఉచిత ప్రోగ్రాము చెప్పుతుంది. ఖర్చు పెట్టే ముందు దీనిని చూచుకొనండి.

కొత్తది కొనుటలో మన వృత్తివారికి ప్రత్యేకముగా ఒక ఉరి ఉన్నది. జకార్డు డిజైన్ ప్రోగ్రాములు అనేకము డాంగిల్ అను చిన్న తాళపు ముక్క తగిలిస్తేనే తెరుచుకొంటవి. పాత డాంగిళ్ళు కొన్ని ప్రింటరు తగిలించే వెడల్పు రంధ్రమునకు చేసినవి. ఆ రంధ్రము నేటి లాప్‌టాపులలో లేదు. యు.ఎస్.బి. డాంగిల్ అయినను, దానికి విండోస్ 11లో పనిచేసే డ్రైవరు ఉండవలెను. మరీ పాత 16 బిట్ల ప్రోగ్రాములు విండోస్ 11లో నడువవు. అది 64 బిట్లది మాత్రమే. కొత్త యంత్రము ఇంటికి వచ్చిన తరువాత ఈ సంగతి తెలిస్తే, ప్రోగ్రామును కూడా కొత్తగా కొనవలసి వస్తుంది. అది లాప్‌టాప్ వెలను మించినను మించవచ్చును. కనుక ముందుగా ప్రోగ్రాము అమ్మినవారిని అడిగి, సమాధానము వ్రాతపూర్వకముగా తీసుకొనండి.

ఇక రూపాయల లెక్క. కొత్తది 48,000 అయి ఆరేండ్లు నడుచునని అనుకొందాము. ఏడాదికి 8,000 పడుతుంది. పాతదానికి ఎస్.ఎస్.డి., మెమరీ, శుభ్రము కలిపి 7,500 అయి మరి మూడేండ్లు నడిస్తే ఏడాదికి 2,500. అదే మరమ్మతు ఒక్క ఏడాదికే వస్తుందంటే, 7,500కు 8,000కు ఎంతో భేదము లేదు. అప్పుడు కొత్తది కొనుటే మేలు. ఇవి లెక్క చూపుటకు వేసిన అంకెలు. మీ ఊరి ధరలు మీరు వేసుకొనండి. లాప్‌టాప్ మీద జి.ఎస్.టి. 18 శాతము. మామూలు పద్ధతిలో నమోదై, వ్యాపారమునకే వాడేవారు బిల్లు మీద తమ నంబరు వేయించుకొంటే ఆ పన్ను జమకు వస్తుంది. కాంపొజిషన్ పద్ధతివారికి రాదు.

షోలాపూరులో మా మేనమామ ఇంట ఈ వాదము ఎట్లు తేలినదో చెప్పుతాను. నాలుగు సాంచాలు, టవల్ల పని. 2017లో కొన్న లాప్‌టాప్, ఇంటెల్ 7వ తరముది. తెరుచుకొనుటకు ఆరు నిమిషములు పట్టేది. "బాపూ, ఇది ఇగ పని చెయ్యది, కొత్తది తెద్దాం" అని కొడుకు. "ఇన్నేండ్లు అన్నం పెట్టింది రా, దానికేమైందో ముందు సూడు" అని మామ. చూచినాము. ఫ్యాను నుండి పిడికెడు పీచు వచ్చినది. ఎస్.ఎస్.డి. వేసి, మెమరీ 8కి పెంచగా ఒక నిమిషములోపుననే తెరుచుకొన్నది. మామ నవ్వినాడు. అప్పుడు ఖాతాలు చూచే కోడలు నోరు విప్పినది. "మామయ్యా, బ్యాంకు, జి.ఎస్.టి. అన్నీ దీంట్లనే చేస్తున్న. దీనికి విండోస్ 11 ఎక్కదు. రేపు ఖాతా ఖాళీ అయితే నన్నే అడుగుతరు గదా?" ఆ మాటకు ఇద్దరి వద్దను సమాధానము లేదు.

చివరకు చేసినది ఇది. పాతదానిని ఇంటర్నెట్టు నుండి పూర్తిగా తప్పించి, డాంగిల్‌తో సహా డిజైన్ల గదిలోనే ఉంచినారు. దానికి ఒక పెన్‌డ్రైవును ప్రత్యేకించి, దానిని బయట ఎక్కడా తగిలించరాదని కట్టుబాటు చేసుకొన్నారు. ఖాతాలకు, బ్యాంకు పనికి ఒక సాధారణపు కొత్త లాప్‌టాప్ కోడలి పేర వచ్చినది. కొడుకు కోరిన ఖరీదైన ఆటల మోడలు రాలేదు. వాడు వారము రోజులు ముభావముగా ఉన్నాడు గాని, అంచులు గీచుటకు పాతదే చాలునని ఇప్పుడు వాడే అంటున్నాడు. ఒకే యంత్రమునకు స్తోమత ఉన్న ఇంట, బ్యాంకు పనిని సవరణలు వచ్చే ఫోనుకు మార్చి, పాతదానిని డిజైన్లకే పరిమితము చేసినను కొంత కాలము గడుస్తుంది.

కొత్తది కొనుటే నిశ్చయమైతే, దుకాణములో మన పనికి తగినట్లు చూడవలసినవి కొన్ని ఉన్నవి. మెమరీ పెంచుటకు ఖాళీ గూడు ఉన్నదా అని అడగండి. తెర మీద శ్రద్ధ పెట్టండి. చవుక మోడళ్ళ తెరలలో ఎరుపు, ఆకుపచ్చ వెలిసినట్లు కనిపిస్తవి. మీ చీరనో టవల్‌నో వెంట తీసుకొనిపోయి, దాని ఫోటోను ఆ తెర మీద పెట్టి ప్రక్కప్రక్కన చూడండి. ఎంత మంచి తెర అయినను, అద్దకమువానికి రంగు చెప్పేటప్పుడు నూలు చిలప ముక్కనే పంపండి. విండోస్ 11 యంత్రములు మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచినప్పుడు డిస్కుకు తామే తాళము వేసుకొనుట కలదు. దాని విడుదల సంఖ్య 48 అంకెలది. ఖాతాలో చూచి కాగితము మీద వ్రాసి, ఇంటి పత్రములతో దాచండి. పాతదానిని అమ్మేవారు డిస్కును ఊడదీసి తమ వద్దనే ఉంచుకొనవలెను. తుడిచిన డిస్కు నుండి కూడా డిజైన్లు తీయగలవారు బజారులో ఉన్నారు.