తక్కువ ఖర్చుతో బలమైన తిండి

మంచి తిండికి ఎక్కువ డబ్బు కావలెననుట పొరపాటు. మొదట వంటింటి నష్టమును ఆపవలెను. బియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చినచో బి విటమినులు నీటితో పోవును. కనుక అత్తెసరు పెట్టి వండుకొనవలెను.

రోజుకొక పూట వరి అన్నమునకు బదులు రాగిసంకటిగాని, అంబలిగాని తీసికొనుడు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. తెల్లబియ్యములో సుమారు 10 మాత్రమే. ఎదుగు పిల్లల ఎముకలకు ఇది ముఖ్యము.

గర్భిణులకు రక్తహీనత పెద్ద ముప్పు. పెరటి మునగాకు పప్పులో వేసి, దించిన పిదప నిమ్మరసము పిండినచో అందలి ఇనుము ఒంటికి బాగుగా పట్టును. అయినను ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఐరన్ మాత్రలు మానరాదు.

అలవాటు ఒక్కనాడు మారదు. వారమునకు రెండు పూటలతో ఆరంభింపుడు.