కాలువ చివర నిలబడి చూద్దాం
(ఇంజనీరింగు, డిప్లొమా విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠం)



మన స్కాలర్‌షిప్పు అందుకుంటున్న పిల్లల్లో ఇంజనీరింగు, డిప్లొమా చదివేవారు చాలామంది ఉన్నారు. వి.టి.యు. వారి 2022 స్కీములో మొదటి సంవత్సరంలోనే 'ఇన్నోవేషన్ అండ్ డిజైన్ థింకింగ్' అనే సబ్జెక్టు ఉంది. ఎ.ఐ.సి.టి.ఇ. 2018 మోడల్ పాఠ్యప్రణాళికతో 'యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్' కూడా ఇంజనీరింగు చదువులోకి వచ్చింది. వీటిని సులభంగా మార్కులు వచ్చే సబ్జెక్టులుగా భావించి, పరీక్ష ముందురోజు చదివి మరచిపోయేవారే ఎక్కువ.

నిజానికి ఈ రెండు సబ్జెక్టులూ కలిసి ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. మనం తయారుచేసే వస్తువు ఎవరికి మేలు చేస్తుంది? దాని భారం ఎవరి మీద పడుతుంది? ఈ పాఠం నేర్చుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు. మన మాన్వి తాలూకాకు నీరిచ్చే తుంగభద్ర ఎడమ కాలువే మంచి పాఠ్యపుస్తకం.

కాగితం మీద కాలువ

మాటిమాటికీ కరువు పాలయ్యే రాయచూరు సీమకు, రాయలసీమకు నీరందించాలని తుంగభద్ర ప్రాజెక్టు తలపెట్టారు. 1945లో అప్పటి మద్రాసు ప్రభుత్వం, హైదరాబాదు సంస్థానం కలిసి హోస్పేట దగ్గర శంకుస్థాపన చేశాయి. 1953 నాటికి నీరు పారింది. ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలు దాటి రాయచూరు వైపు వెళుతుంది.

కాలువను రూపొందించినవారి ఉద్దేశం గొప్పది. కొద్దిమందికి పుష్కలంగా ఇవ్వడం కంటే, ఉన్న నీటిని పలచగా పంచి ఎక్కువమందిని కరువునుంచి కాపాడాలని వారు అనుకున్నారు. అందుకే ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే నిర్ణయించారు. దీనినే 'లోకలైజేషన్' అంటారు. ఎక్కువ భూమికి జొన్న, వేరుశనగ, పత్తి వంటి తక్కువ నీటి పంటలు కేటాయించారు. వరికి కొద్ది భూమినే ఉంచారు.

నేల మీద కాలువ

1950ల నుంచి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడికి రావడం మొదలైంది. మనలో చాలామంది తాతలు అలా వచ్చినవారే. స్థానికుల వద్ద మెట్టభూములు కొని, చదునుచేసి, గట్లు వేసి, వరి నాటారు. క్యాంపులు వెలిశాయి. రైసుమిల్లులు వచ్చాయి. వారి కష్టం చిన్నది కాదు. మన చదువులు ఆ చెమట ఫలమే. తరువాత స్థానిక రైతులు కూడా చాలామంది వరి బాట పట్టారు.

అయితే ఒక సంగతి దాచుకోకుండా చెప్పుకోవాలి. వరికి పట్టే నీరు జొన్నకు పట్టే నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎగువన కాగితంమీద లేని వరి విస్తరించేకొద్దీ దిగువకు వచ్చే నీరు తగ్గింది. కాలువ చివరనున్న మాన్వి, రాయచూరు రైతులు పంట పొట్టకొచ్చే వేళ నీటికోసం ధర్నాలకు దిగడం మనం చూస్తూనే ఉన్నాం. ఎగువన మరో నష్టం జరిగింది. నీరు ఎక్కువై, బయటికి పోయే దారిలేక, కొన్ని పొలాలు ఊటెక్కి చౌడుబారాయి. ఒకే కాలువ ఒకచోట నీరు ఎక్కువై, మరొకచోట లేక నష్టం తెచ్చింది.

మాన్వి తాలూకా వాళ్ళుగా మనకు ఈ కథలో రెండు పాత్రలున్నాయి. ఎగువవారు వాడుకోగా మిగిలిన నీటికోసం ఎదురుచూసేవాళ్ళం మనమే. మన ఉపకాలువ మొదట్లో పొలముంటే, దాని చివరి రైతును ఎదురుచూసేలా చేసేదీ మనమే.

లోపం ఎక్కడుంది?

'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అని సామెత. కాలువ వేసినవారు నేల వాలు బాగా లెక్కవేశారు. మనిషి మనసు వాలును అంత లెక్కవేయలేదు. కాలువ పక్కనే పొలం ఉండి, వరికి మంచి ధర ఉండి, ఎదుట నీరు పారుతుంటే రైతు జొన్న వేసి ఊరుకుంటాడా? నియమం రాసినవారు దాన్ని అమలు చేసే ఏర్పాటు గట్టిగా చేయలేదు. నీరు వాడుకున్నవారు చివరి రైతును తలచుకోలేదు. ఒక్కరినే దోషిగా నిలబెట్టలేం. అందరూ తమ వంతు పని బాగానే చేశామనుకున్నారు. భారం మాత్రం కాలువ చివరివాడి మీద పడింది.

విద్యార్థులు గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇదే: మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు. మనం ఊహించినట్లు మనుషులు వాడకపోతే ఏమవుతుందో కూడా డిజైనులో భాగమే.

పందొమ్మిదో గేటు

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. రిజర్వాయరు నిండుగా ఉంది. ఖరీఫ్ నాట్ల కాలం. అటువంటి సమయంలో అడ్డుగా దించే స్టాప్‌లాగ్ గేట్లు సిద్ధంగా లేవు. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి మార్గదర్శకత్వంలో వాటిని అప్పటికప్పుడు తయారుచేయించి, పారే నీటిలోనే ముక్కలు ముక్కలుగా దించి, ఆగస్టు 17 నాటికి ప్రవాహాన్ని అదుపులోకి తెచ్చారు. అది ప్రశంసనీయమైన పని. కానీ చేతులు కాలాక ఆకులు వెతుక్కోవలసి వచ్చింది కదా! మరుసటి ఏడు, 2025లో, గేట్ల భద్రత దృష్ట్యా నిల్వను సుమారు 80 టి.ఎం.సి.కి పరిమితం చేశారు. మొదట 133 టి.ఎం.సి. పట్టేలా కట్టిన ఈ జలాశయం సామర్థ్యం పూడిక వల్ల అప్పటికే దాదాపు 106 టి.ఎం.సి.కి పడిపోయి ఉంది.

గేటు తయారుచేసినవారి బాధ్యత ప్రారంభోత్సవంతో తీరిపోదు. డెబ్బై ఏళ్ళ తరువాత దాన్ని ఎవరు పరీక్షించాలి, పాడైతే ఏం చేయాలి అన్నది కూడా ముందే రాసిపెట్టాలి. ఇది రెండవ సూత్రం.

ఒక చిన్న పెట్టె కథ

ఇంత పెద్ద ప్రాజెక్టులు మనం కడతామా అని మీరు అనుకోవచ్చు. చిన్న వస్తువు తీసుకుందాం. బోరు మోటారుకు బిగించే ఆటో స్టార్టరు అందరికీ తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అది రైతుకు గొప్ప సాయం. అర్ధరాత్రి పాములు, షాకుల భయంతో పొలానికి పరుగెత్తే బాధ తప్పింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు అదే పెట్టె చిక్కు తెచ్చింది. కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరిగితే భూగర్భజలం తోడేసినట్లవుతుందని, ఆటో స్టార్టర్లు తీసివేయమని రైతులకు నచ్చజెప్పవలసి వచ్చింది. పెట్టె మారలేదు, చుట్టూ పరిస్థితి మారింది. తొట్టి నిండగానే ఆగే సెన్సారో, గంటలు లెక్కపెట్టే టైమరో మొదటే ఉంటే ఎంత బాగుండేది! పరిస్థితి మారితే మన వస్తువు ఏమవుతుందో చూసుకోవడం మూడవ సూత్రం.

ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేజీ

మీ ప్రాజెక్టు మొబైల్ యాప్ అయినా, డ్రోను అయినా, నాటుయంత్రం అయినా, ఈ అయిదు ప్రశ్నలకు ఒక పేజీలో జవాబు రాయండి.

1. దీనివల్ల మొదట లాభపడేది ఎవరు?
2. మన 'కాలువ చివరి మనిషి' ఎవరు? ఉదాహరణకు నాటుయంత్రమైతే నాట్ల కూలీ మీద బతికే స్త్రీలు. యాప్ అయితే స్మార్టుఫోను లేని ముసలి రైతు. వారితో స్వయంగా మాట్లాడామా?
3. మనుషులు ఎలా వాడతారని అనుకుంటున్నాం? అలా వాడకపోతే ఏమవుతుంది?
4. పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఖర్చు ఎవరిది?
5. పరిస్థితి మారితే దీన్ని సులభంగా మార్చగలమా, ఆపగలమా?

రెండవ ప్రశ్నను దాటవేయకండి. జవాబు ఇబ్బందిగా ఉన్నా రాయండి. నాటుయంత్రం వద్దని దీని అర్థం కాదు. యంత్రం నడపడంలో ఆ స్త్రీలకే శిక్షణ ఇవ్వవచ్చా అన్న ఆలోచన ఆ ఇబ్బంది నుంచే పుడుతుంది.

తల్లిదండ్రులకు, అధ్యాపకులకు

ఈ సెలవుల్లో పిల్లలను మీకు దగ్గరలోని ఉపకాలువ వెంట మొదటి తూము నుంచి చివరి తూము దాకా నడిపించండి. మొదట, మధ్యలో, చివర ముగ్గురు రైతులను ఒకే ప్రశ్న అడగమనండి: "మీకు నీళ్ళు ఎప్పుడొస్తాయి?" తిరిగివచ్చాక వారు విన్నది రాయమనండి. ఆ కాలువనే మళ్ళీ రూపొందించమంటే ఏం మారుస్తారో అడగండి. సరైన జవాబు మీరే చెప్పేయకండి. అన్నదమ్ములిద్దరు రెండు రకాలుగా చెబితే వాదించుకోనివ్వండి. తాతగారు కూడా కూర్చుని తమ కాలపు సంగతులు, మంచీ చెడూ రెండూ చెబితే పాఠం ఇంకా బాగుంటుంది. మన వాళ్ళ కష్టం చెప్పుకోవడంతో పాటు, ఎవరి వంతు నీరు మన పొలంలో పారిందో అడగగలిగిన పిల్లలే రేపు నమ్మదగిన ఇంజనీర్లవుతారు.

స్కాలర్‌షిప్పు సొమ్ము కూడా ఒక విధంగా కాలువ నీరువంటిదే. ఎందరో దాతల చేతుల మీదుగా మీదాకా వచ్చింది. మీ చదువు మీ దగ్గరే ఆగిపోకుండా చివరి పొలందాకా పారాలని మనసారా కోరుకుంటున్నాం.