వానలో క్యుబెక్ చూడొచ్చా?

ప్రశ్న: మేం టొరంటోలో ఉంటాం. పెళ్లిరోజుకి క్యుబెక్ సిటీ వెళ్దామని హోటల్ బుక్ చేశాం. ఆ రెండు రోజులూ వానే అంటున్నారు. మానుకోమంటారా?

జవాబు: మానుకోవద్దు. 1608లో వెలసిన ఈ ఊళ్లో పాతపేట చిన్నదే, నడిచి చూసేయొచ్చు. వాన జోరుగా ఉన్నంతసేపూ దిగువపేటలోని నాగరికత మ్యూజియంలో గడపండి. తెరిపి ఇవ్వగానే దగ్గర్లోని ప్లాస్ రాయల్, పెటీ షాంప్లేన్ వీధి చూడండి. అక్కణ్నుంచి ఎగువపేటకి ఎక్కే నిటారు మెట్లు తడిస్తే జారుతాయి. అందుకే పైకి 1879 నుంచీ ఉన్న ఫ్యునిక్యులర్ (ఏటవాలు పట్టాల బండి) ఎక్కండి. దాని అద్దాల్లోంచి సెయింట్ లారెన్స్ నది కనిపిస్తుంది. పైన షాటో ఫ్రాంటెనాక్ హోటల్ ముందున్న చెక్కబాట మీద నది గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటే మేలు. పట్టున్న బూట్లు తప్పనిసరి. దుకాణాల్లో ముందు ‘బోంజూర్’ అనండి, అక్కడ అది మర్యాద. నిశ్చింతగా బయల్దేరండి. పెళ్లిరోజు శుభాకాంక్షలు!