బొమ్మలు తగ్గిద్దాం, అసలు దాచుకుందాం

పిల్లలూ! సెలవులకి అల్ ఐన్ వెళ్ళి అల్ జాహిలీ కోట, ఖర్జూరపు తోటలు, జెబెల్ హఫీత్ కొండ చూశారనుకోండి. మొత్తం 40 ఫోటోలు తీశారు. ఒక్కొక్కటి 4 ఎంబీ అయితే అన్నీ కలిపి 160 ఎంబీ. రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకి జీమెయిల్‌లో పంపాలంటే ఒక ఉత్తరంలో 25 ఎంబీ మాత్రమే పడుతుంది. ఒక్కో ఫోటో తెరిచి చిన్నది చేస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది! అన్నీ ఒకేసారి తగ్గించే దారి చూద్దాం.

కొత్త మాటలు
కొలత: ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది
నకలు: అసలుని చూసి చేసిన మరొకటి
ఓపెన్ సోర్స్: ప్రోగ్రాం ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. లినక్స్ అలాంటిదే. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ వాళ్ళు లినక్స్‌ని తెలుగులో కూడా తయారుచేశారు.

చేసే పద్ధతి (లినక్స్ మింట్ సినమన్‌లో)
1. అమ్మనో నాన్ననో అడిగి, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'నెమో ఇమేజ్ కన్వర్టర్' వేసుకోండి. లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి.
2. ఫోటోల ఫోల్డర్ తెరిచి, కంట్రోల్, ఏ మీటలు కలిపి నొక్కండి. అన్నీ ఎంపికవుతాయి.
3. మౌస్ కుడి బటన్ నొక్కి 'రీసైజ్ ఇమేజెస్' ఎంచుకోండి.
4. 'స్కేల్' దగ్గర 25 శాతం పెట్టండి.
5. కొత్త పేరుతో నకలు చేసే 'అపెండ్' ఎంచుకుని, 'రీసైజ్' నొక్కండి.

లోపల ఈ పని చేసేది 'ఇమేజ్‌మ్యాజిక్'. 1990 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న ప్రోగ్రాం ఇది.

జాగ్రత్త!
'రీసైజ్ ఇన్ ప్లేస్' నొక్కితే అసలు ఫోటోనే చిన్నదైపోతుంది. లెక్క చూడండి: 4000 × 3000 అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు. 25 శాతానికి తగ్గిస్తే 1000 × 750, అంటే 7 లక్షల 50 వేలు. పదహారింటిలో ఒక్క వంతే మిగిలింది! పోయిన చుక్కలు మళ్ళీ రావు. తిరిగి పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుంది. రేపు ఆ ఫోటోని పటం కట్టించాలంటే అసలే కావాలి. అందుకే అమ్మమ్మకి నకలు పంపండి, అసలు దాచుకోండి.

భాష తెలుసుకుందాం
తగ్గు – తగ్గించు, మారు – మార్చు, పెరుగు – పెంచు
ఎండ తగ్గింది. (తనంతట తానే)
నేను ఫోటో కొలత తగ్గించాను. (ఒకరు చేస్తే)

అభ్యాసం
1. 50 శాతానికి తగ్గిస్తే ఎన్నో వంతు చుక్కలు మిగులుతాయి?
2. 'మారింది', 'మార్చాను' వాడి రెండు వాక్యాలు రాయండి.
3. మీ ఫోటోల్లో ఒకదాని నకలు అమ్మమ్మకో తాతయ్యకో పంపి, అది ఎక్కడ తీశారో మూడు వాక్యాల్లో చెప్పండి.