సెన్సర్ మార్చినా లైటు ఆరలేదా?

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లా లింగంపేట. నా పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బండి ఆగి ఉన్నప్పుడు రేసు దానంతటదే పెరిగి తగ్గుతోంది. షెడ్డులో స్కానర్ పెట్టి, సెన్సర్ పోయిందని కొత్తది వేసి రూ.9,000 తీసుకున్నారు. లైటు మళ్లీ వచ్చింది. మరో మెకానిక్ చూసి గాలి పైపు చీలిందంటున్నాడు. డబ్బు తిరిగి అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. అయితే మెకానిక్ అంచనా తప్పినంత మాత్రాన కేసు నిలవదు. చేయాల్సిన పరీక్ష చేయకుండానే సామాను మార్చాడని మీరు చూపాలి. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో ముందు కనుక్కోండి. ఉదాహరణకు పీ0171 వస్తే, పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు పెరిగిందని అర్థం. ఫలానా సెన్సర్ చెడిందని అది చెప్పదు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ దాటాక పైపు చీలితే, అక్కడ దూరే గాలి సెన్సర్ లెక్కకు రాదు, అప్పుడూ ఇదే కోడ్ రావచ్చు. పైపుల్లోకి పొగ పంపి చూస్తే చీలిక ఉన్నచోట పొగ బయటికొస్తుంది. పైపులు కూడా చూడకుండా సెన్సర్ మార్చారని తేలితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని గట్టిగా వాదించవచ్చు.

అందుకే పైపు మార్పించక ముందే కోడ్‌కూ చీలికకూ ఫొటోలు తీయండి. రెండో మెకానిక్ అభిప్రాయం రాతలో తీసుకోండి. పాత సెన్సర్ అడిగి తెచ్చుకోండి. అది బాగానే ఉందని పరీక్షలో తేలితే అంతకు మించిన సాక్ష్యం లేదు. బిల్లు లేకపోతే అదీ అడగండి; ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికొస్తుంది.

షెడ్డు యజమానికి పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువివ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చేయవచ్చు. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. షెడ్డు వేరే జిల్లాలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే టాక్సీకీ ఈ హక్కు వర్తిస్తుంది.

ఇకముందు ఇలాంటి తగువొస్తే బిల్లు కట్టనని మొండికేయకండి. చేసిన పనికి డబ్బు అందేదాకా బండిని ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ షెడ్డువాళ్లకు ఇచ్చింది. అభ్యంతరాన్ని రాతలో తెలిపి, డబ్బు కట్టి, బండి తెచ్చుకుని ఫిర్యాదు చేయండి.