కదలని లేపాక్షి, కడలి దాటిన ఫణిగిరి

పేరున్న చిత్రాన్ని కొన్నాళ్లు పరదేశానికి పంపడం దౌత్యంలో పాత ఎత్తుగడే. ఫ్రాన్స్ 1963లో మోనాలిసాను అమెరికాకు, 1974లో టోక్యో, మాస్కోలకు పంపింది.

మరి మన కరువుసీమ చిత్రాల సంగతి? లేపాక్షి వీరభద్రాలయంలోవి (16వ శతాబ్దం, అచ్యుతదేవరాయల కాలం) పైకప్పు గచ్చు మీద వేసినవి. పొడవాటి కుళ్లాయిలు, రకరకాల చీర అంచులు, ఆలయం కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల బొమ్మలు అన్నీ అక్కడే చూడాలి. అరువివ్వాలంటే కప్పే ఊడదీయాలి! అందుకే ఇక్కడ దౌత్యం దారి వేరు: 2022లో ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అదే ఏడాది లేపాక్షి అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి మారింది.

కదిలేవి శిల్పాలు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు అరువుగా వెళ్లాయి.

ఇలా పంపడాన్ని నియంత్రించే చట్టం: పురావస్తువులు, కళాసంపదల చట్టం, 1972. సాధారణంగా వందేళ్లు దాటినవి పురావస్తువులు. రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వాటిని కేంద్రం, లేదా కేంద్రం అనుమతించిన సంస్థ మాత్రమే విదేశాలకు పంపాలి.